నీళ్ల వేళ

కిసుము నుంచి రాత్రి బస్సులో నైరోబీ చేరాను.
చేతిసంచిలో మూడు శివార్ల పేర్లు రాసిన చీటీ.
ఒయూగి కొత్త ఉద్యోగంలో చేరడానికి
ఇంకా పదకొండు రోజులు.

రువాకాలో బ్రోకరు తలుపులన్నీ తీసి చూపించాడు.
టైల్స్, అల్మరాలు,
బాల్కనీలో నిలబడితే చెయ్యందే దూరంలో
ఇంకొకరి బాల్కనీ, ఆరేసిన స్కూలు యూనిఫారాలు.
నీళ్లెప్పుడొస్తాయి బాబూ అంటే
నీళ్లు నమిలాడు.

కిటెంగెలాలో అద్దె తక్కువ, ఆకాశం ఎక్కువ.
కిటికీ గట్టు మీద వేలు పెడితే
సిమెంటు రంగు అంటింది.
ఒపొండో గుర్తొచ్చాడు,
తెల్లవారుజామున వాడి ఛాతీలో పిల్లికూతలు.
వేలు కొంగుకి తుడుచుకుని
చీటీలో ఆ పేరు కొట్టేశాను.

స్యోకిమావులో రైలుంది.
ఇల్లు మాత్రం ఇరుకు, వంటగదిలో ఇద్దరం పట్టం.
గేటు బయట గాడిద బండి మీంచి
పసుపు డబ్బాలు దించుతున్నాడొక ముసలాయన.
ఈ వీధికి ఎన్నాళ్లకోసారి వస్తావు తాతా?
"మంగళవారం, శుక్రవారం. వానలప్పుడు అదీ లేదు.
పక్క వీధికైతే రోజూ రావాలి."
తన బేరం తానే చెడగొట్టుకుని
మూతలు లెక్కపెట్టుకున్నాడు.

అడ్వాన్సు కట్టి ఫోన్ చేశాను.
బడి ఎంత దూరం, అడిగాడు ఒయూగి.
వెనక నుంచి చిన్నది: సరస్సు కనిపిస్తుందా?
కనిపించదే తల్లీ.
వారానికి రెండుసార్లు గాడిద వస్తుంది.

కాసేపు చప్పుడు లేదు.
దాని పేరేంటి?

వెనక్కి చూశాను.
బండి మలుపు తిరిగిపోయింది.
అదొక్కటీ అడగలేదు.