మూడో రోజు

బాత్రూమ్ అద్దం మీద పచ్చటి ఆకు బొమ్మతో కార్డు:
"సముద్రాన్ని కాపాడుకుందాం.
గది శుభ్రం మూడు రోజులకోసారి."
మావీ సముద్రం కిటికీలోంచి చూస్తోంది,
తనకేం తెలియనట్టు.

నాలుగొందల పన్నెండులో దిగినాయన
రెండో పొద్దుకే రిసెప్షన్ బల్ల గుద్దాడు:
"రాత్రికి ఆరొందల డాలర్లు పోసి
నా పక్క నేనే వేసుకోవాలా?"
పద్నాలుగులో ముసలావిడ మాత్రం
హమ్మయ్య అనుకుంది.
పనిమనిషి వస్తుందంటే
ముందే లేచి గదంతా సర్దేసే రకం.

పెర్లితా దాకా ఈ మాటలు రావు.
వచ్చేది మూడు రోజుల ఇసుక,
దుప్పటి మడతల్లో బొప్పాయి గింజలు,
తొట్టి అంచున అట్టకట్టిన సన్‌స్క్రీన్,
అలిగి గడప దిగినట్టు
తలుపు బయట తడి తువ్వాళ్ల గుట్ట.

పని తగ్గిందన్నారు.
తగ్గింది జీతం గంటలు.
మురికి ఒక్క పూటా సెలవు పెట్టలేదు.
మునుపు తువ్వాలు చుట్టి
మంచం మధ్యలో తాబేలును కూర్చోబెట్టేది.
ఇప్పుడు తాబేలుకి
నాలుగు నిమిషాలు ఎక్కడివి?

ఇలోకోస్ నుంచి అక్క ఫోన్లో
"వారానికి మూడు రోజులేనటగా, సుఖపడ్డావే!" అంటే
ఊఁ అంది.
అద్దె సంగతి ఎత్తలేదు.

ఇవాళ పన్నెండు ఆయన ఖాళీ చేశాడు.
లోపల పక్క వేసి ఉంది.
వంకరగా, ఒక కొస నేలను తాకుతూ,
దిండ్లు తలకిందులుగా.
డబ్బు లేదు, చీటీ లేదు.

పెర్లితా బండి ఆపి
కాసేపు అలా చూసింది.
తర్వాత ఒక్క గుంజుతో
మొత్తం లాగేసింది.
ఎలాగూ ఉతకాలిగా.