నీడలో ఆరాలి

మిర్చి సీజనులో మా పేటలో
గాలే ఒక ఎండుమిరపకాయ.
కొత్తవాళ్ళు తుమ్ముతారు. మేం తుమ్మం.
నల్లపాడు రోడ్డోళ్ళకి ముక్కులు చచ్చాయని
గుంటూరంతా వెక్కిరిస్తుంది గానీ
మొదటివాడి గుడ్డల్లో
పాకానికొచ్చిన బెల్లం వాసన
నా ముక్కే పట్టింది, ఆరో రోజున.

"బంగారుతండ్రి, ఉచ్చ కూడా తీపే" అంది అమ్మమ్మ.
అమ్మమ్మంటే మా అత్త.
పెళ్ళితో వరస మారింది, నా నాలుక మారలేదు.
మేనమామను చేసుకున్నదాన్ని.
మన రక్తం మన గడప దాటలేదని
మురిసిపోయి అక్షింతలు వేసింది ఆ చెయ్యే.

ఎనిమిదో రోజు వాడు రొమ్ము వదిలేశాడు.
విల్లులా వెనక్కి వంగి, పిల్లికూనలా సన్నగా.
దిష్టి తీశారు. ఉప్పు చిటపటలాడింది.
తొమ్మిదో రోజు పెద్దాసుపత్రి.
బారసాలకి ఇంకా రెండు రోజులుంది.
ఆఖరి కాగితం మీద కూడా
బేబీ ఆఫ్ శివనాగమణి అనే రాశారు.
వాడికున్నది నా పేరొక్కటే.

పోయేముందు తీసిన రక్తం
పోయాక మాట్లాడింది.
డాక్టరమ్మ కాగితం మీద గీతలు గీసి చెప్పింది:
మీ ఇద్దరిలోనూ ఒకేచోట ఒకే అచ్చుతప్పు.
ఒక్క తప్పయితే రెండో ప్రతి సర్దుకుపోతుంది.
రెండూ ఒకే బిడ్డకి చేరాయా,
పాలల్లో బలమే విషమై తలకెక్కుతుంది.
నాలుగింట ఒక వంతు.
మామయ్య, ఇంకా అలాగే పిలుస్తాను,
యార్డులో గుమస్తా, వంద బస్తాల తరుగు నోటితో చెప్పే మనిషి,
ఆ నాలుగింట ఒకటిని
ఆటోలో ఇంటిదాకా వేళ్ళమీద లెక్కేశాడు.

రెండో కానుపు. రెండో రోజు పొద్దున
సుగుణమేరీ సిస్టరు చంటిదాని మడమను
గోరువెచ్చని గుడ్డలో పొదివి, అంచున పొడిచింది.
టిక్కీ పక్కన చిల్లు పెట్టి
గుప్పెడు కాయ లాగి చూసినట్టు.
లాటు సంగతంతా ఆ గుప్పెడే చెబుతుంది.
అట్టమీద అయిదు సున్నాలు.
ఒక్కోటీ నిండుతుంటే
తేజ రకం రంగు అనుకున్నాను.
ఛీ, అనుకున్నాను.

"ఎండ తగలకూడదమ్మా. నీడలో ఆరాలి, నాలుగు గంటలు."
కల్లాల్లో రోజుల తరబడి ఎండబెట్టే వంశం మాది.
నీడలో ఆరబెట్టడం మామయ్యకి తెలీదు.
ఈగ వాలకుండా, ఎవరి మోచెయ్యీ తగలకుండా
ఆ అట్ట పక్కనే నిలబడ్డాడు, భోజనానికి పోలేదు.
వాన మబ్బు పట్టిన రాత్రి కల్లం కాపలాకి
అలాగే నిలబడతాడు.

హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది నాలుగో రోజు.
చేరాయి. రెండూ.
దీనికీ.

కానీ నాలుగో రోజు.
ఆరోది కాదు, ఎనిమిదోది కాదు.

ఇప్పుడు మా వంటింట్లో గ్రాముల కాటా.
అన్నం తూచి, అరటిపండు తూచి,
పప్పు లేదు, గుడ్డు లేదు, పెరుగు లేదు,
అటకమీద ఖరీదైన పొడి డబ్బాలు, పక్కన అప్పుల పుస్తకం.
జ్వరమొస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికే.
నెలనెలా మడమ పోయి ఇప్పుడు వేలు,
అదే సూది, అవే సున్నాలు.
ఒకరోజు పప్పుచారు వేలితో నాకించబోయి
అమ్మమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది.
ఆ రాత్రి పక్కన పడుకుని మెల్లగా అడిగింది:
"ఆ తప్పు నా వైపుదా, మీ తాత వైపుదా?"
నిద్రపోయినట్టు ఊరుకున్నాను.
అడిగితే డాక్టరమ్మ చెప్పగలదేమో.
నేను అడగను.

రోజూ తెల్లారగట్ల లైటు వెయ్యకుండా
దాని లాగూ ముక్కు దగ్గర పెట్టుకుంటాను.
ఒట్టి ఉచ్చ వాసన.
బయట మొదటి లారీ బస్తాలు దించుతుంది,
ఘాటు గోడెక్కి వస్తుంది.
ఈ ఊరు దానికింకా అలవాటు కాలేదు,
నిద్రలోనే తుమ్ముతుంది.
చిరంజీవ, అంటాను.
మళ్ళీ తుమ్ముతుంది.
చిరంజీవ.