దుప్పటికి రెండు కొసలు

పట్టుకోండి, అన్నాను.
పట్టు కొలిచే పరికరం అది. చిన్న ఇనప పిడి,
గడియారం లాంటి ముఖం, ఒంటి ముల్లు.
దెయొలిండా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"నొక్కాలా, పిండాలా?" అంది.
మీ ఇష్టం.
కుడిచెయ్యి పద్నాలుగు కిలోలు, ఎడమ పదకొండు.
వయసు డెబ్బై తొమ్మిది. రాసుకున్నాను.

ఆ తర్వాత ఐదు మాటలు చెప్పాను:
గుర్రం, నిమ్మకాయ, వంతెన, సూది, ఆదివారం.
కిటికీ అవతల పోర్తో ఇళ్ల కప్పుల మీద సన్నటి జల్లు.
కాసేపు వాన గురించీ మోకాళ్ల గురించీ మాట్లాడి
ఏవీ ఆ మాటలు, అని అడిగితే
గుర్రం వచ్చింది. నిమ్మకాయ వచ్చింది.
మిగతా వాటికోసం
కోటు జేబులో చెయ్యి పెట్టి వెతికింది,
నిజంగానే.

నాది లెక్కలు రాసే పని, జోస్యం కాదు.
ఏళ్ల తరబడి కాగితాల్లో
పిడికిలి గీత, జ్ఞాపకం గీత
ఒకే వాలులో దిగడం చూశాను.
ఏది దేన్ని లాగుతోంది?
ఇద్దరు తాగుబోతులు భుజాలు కలిపి ఇంటికి పోతుంటే
ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారని చెప్పను?
ఒకటి మాత్రం నా భాష నాకు ముందే చెప్పింది:
గుర్తు కూడా పట్టాల్సిందే.
చదువు తలకెక్కితే చాలదురా, ఒంటబట్టాలి,
అనేవారు మా లెక్కల మేష్టారు.
ఒంటికీ లెక్కలకీ ఏం సంబంధమని
వెనక బెంచీలో నవ్వుకునేవాణ్ణి.

డాక్టర్ సెకైరా వ్యాయామాలు రాశాడు:
ఇసుక మూటలెత్తడం, రబ్బరు పట్టీ లాగడం,
చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం.
పట్టీతో ఆవిడ టమాటా మొక్కకు ఊతం కట్టింది.
బకెట్టు పట్టుకుని
డోరు నది పైని కొండవాలున
పాత చాకిరేవుకి దిగడం మొదలెట్టింది.
ఇంట్లో మిషను పెట్టుకుని ఇదేం పిచ్చని కోడలు కసిరింది.
పోయేటప్పుడు నూటాఆరు మెట్లు.
వచ్చేటప్పుడు కూడా అన్నే,
తడిబట్టల బరువు అదనం.

ఒక శనివారం చూడ్డానికి వెళ్లాను.
పక్కన అక్క ఫెలిస్‌బెలా.
చెల్లెల్ని ఒకసారి అమ్మా అంటుంది, ఒకసారి నర్సూ అంటుంది.
చెంచాని ఏమంటారో మరిచిపోయి రెండేళ్లట.
పెద్ద దుప్పటి ఒక్కరివల్ల పిండు పడదు.
దెయొలిండా ఒక కొస తీసి
అక్క చేతుల్లో పెట్టింది. ఏమీ చెప్పలేదు.
ఈవిడ సవ్యంగా తిప్పింది.
ఆవిడ అపసవ్యంగా తిప్పింది.
దుప్పటి తాడయింది. తాడు బిర్రబిగిసింది.
నీళ్లు రాతిమీద ధారకట్టాయి.
ఫెలిస్‌బెలా ముంజేతి వదులు చర్మం కింద
ఒక కండ, లోతులేని నీళ్లలో చేపలా
మెరిసి కదిలింది.
"లాగవే మొద్దూ, ఇంకా తడుంది!"
చెల్లెలు గభాలున నది వైపు తిరిగింది.
సబ్బు నురగ కళ్లలో పడిందంది.

ఆ తర్వాత కొస జారిపోయింది.
నేనెవరని ఆవిడ నన్ను నాలుగుసార్లు అడిగింది.
నాలుగుసార్లూ చెప్పాను.

ఆరునెలలకి దెయొలిండా మళ్లీ వచ్చింది.
కుడి పదిహేడు, ఎడమ పదమూడు.
గుర్రం, నిమ్మకాయ, సూది.
నేను చెప్పని మాట ఇంకొకటి: సబ్బు.
దానికి నా కాగితంలో గడి లేదు.
మార్జిన్లో రాశాను.

గురువారం పొద్దున్నే ఫోను.
"ఆదివారం" అంది.
ఆదివారం క్లినిక్ ఉండదమ్మా, అన్నాను.
"అపాయింట్‌మెంటు కాదు నాయనా, మాట!"
వెనకాల తొట్టిలో నీళ్ల చప్పుడు, ఎవరో తిడుతున్న గొంతు.
పెట్టేసింది.

వంతెన ఇంకా రాలేదు.
రేవులో నిలబడితే
ఎదురుగా కనిపించేది అదే.