జర జరుగు

రాయదుర్గంలో తొమ్మిదో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ కప్పుకుని
కళ్ళకు ఆ బరువైన హెడ్‌సెట్ కట్టుకుంటాను.
గది వస్తుంది. గదిలో బల్ల.
బల్ల మీద నేనే పెట్టిన నీలం కప్పు.

బోరబండ నుంచి ఇఫ్ఫత్,
మల్కాజిగిరి నుంచి తిరుమలేశం,
ఎవరి ఇంట్లో వాళ్ళు నిలబడి
ఒకేసారి దాని మీద చెయ్యి వేస్తారు.
ఇద్దరికీ దొరుకుతుంది.
అదీ చిక్కు.

ఆమె కళ్ళకి కప్పు ఆమె చేతిలో,
అతని కళ్ళకి అతని చేతిలో.
ఎనభై మిల్లీసెకన్లు
గది రెండు నిజాల్ని మోస్తుంది.
ఆ తర్వాత సర్వర్ గొంతు సవరించుకుంటుంది.

తీర్పు రాసింది నేనే:
ముందు పట్టుకున్నవాళ్ళది.
ముందు అంటే, ఎవరి గడియారంలో?
తిరుమలేశం ఇంట్లో ఫైబర్.
ఇఫ్ఫత్ మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన,
తమ్ముడి ఫోను హాట్‌స్పాట్ మీద బతుకుతోంది.
చెయ్యి ముందే చాచింది.
చాచిన కబురు వెనక చేరింది.
మూడు వందల పరీక్షల్లో
రెండు వందల డెబ్బై ఒకటి ఓడిపోయింది.

"మేడమ్, నా చేతిలకెల్లి ఎవరో గుంజుకున్నట్టయింది"
అంది.
ఎవరో కాదు, నేనే.
అనలేదు.

సరే, తాళం వేద్దామనుకున్నాను.
ఒకరు పట్టుకుంటే, వదిలేదాకా ఇంకొకరికి అందదు.
మర్నాడే తిరుమలేశం పాలు పొంగుతున్నాయని
హెడ్‌సెట్ తీసి వంటింట్లోకి పరిగెత్తాడు.
పదకొండు నిమిషాలు
ఎవరి చెయ్యీ లేకుండా
కప్పు గాలిలో వేలాడింది.
ఇఫ్ఫత్ దాని చుట్టూ తిరిగింది,
ముట్టుకోలేక.

మా మేనత్త బాలామణి
మెహదీపట్నంలో బస్సు ఆగకముందే
కిటికీలోంచి కర్చీఫ్ విసిరేది.
అంతే. ఆ సీటు ఆమెది.
సంతకం లేదు, సాక్షి లేదు,
చెమట వాసన కొట్టే నాలుగు జానల గుడ్డ.
ఒకే సీట్లో రెండు కర్చీఫులు పడిన రోజు
కాసేపు కేకలు, కాసేపు శాపాలు,
ఆఖరికి ఆవిడే అనేది: "జర జరుగమ్మా."
ఇద్దరి సీట్లో ముగ్గురు,
మూడో మనిషి సగం గాలిలో,
లంగర్‌హౌజ్ దాకా.

ఆ మాటకి నా దగ్గర కమాండ్ లేదు.
ఎంత వెతికినా
ఇవ్వడం ఉంది, లాక్కోవడం ఉంది,
తిరస్కరించడం ఉంది.
జరగడం లేదు.

నిన్న రాత్రి రెండున్నరకి రాశాను.
రెండు చేతులు పడితే ఇద్దరిదీ.
ఎవరు ఎంత లాగితే అంత వంగు,
ఎవరికీ పూర్తిగా వెళ్ళకు.
సిగ్గుపడాల్సినంత పొడుగు కోడ్,
పొద్దున రివ్యూలో తిట్లు ఖాయం.

ఇద్దరినీ లేపి పిలిచాను.
కప్పు లేచింది.
కొంచెం బోరబండ వైపు వాలి,
కొంచెం మల్కాజిగిరి వైపు తేలి,
మధ్యలో వణికింది.

ఎవరి చేతి వణుకో అది
లాగ్‌లో చూశాను.
లేదు.