‘చె’ తర్వాత

గౌలిగూడలో స్టీలు సామాన్ల కొట్టు మీద రెండో అంతస్తు.
కింద లారీలోంచి బిందెలు దించుతున్నారు.
ఆ మోతలో
నేనొక సెర్చ్ బాక్సుని పరీక్షిస్తున్నాను.

జానెడు తెల్లటి గీత, అంతే దాని ఆస్తి.
ఎడమన భూతద్దం,
కుడిపక్కన చెరిపేసే చిన్న ఇంటూ గుర్తు.
ఇమ్లీబన్ బస్టాండులో
పోయిన సామాన్ల కౌంటరుకి వెళ్తుందది.

ప్రతి టెస్టుకీ ఒక కిటికీ పుడుతుంది
ఎవరూ చూడని తెర మీద.
లేని వేలొకటి లేని కీ నొక్కుతుంది.
‘గొడుగు’ అంటే మూడు గొడుగులు రావాలి.
మూడూ నేనే పోగొట్టాను, నిన్న సాయంత్రం,
డేటా కోసం.
ఎస్కేప్ నొక్కితే పెట్టె ఖాళీ కావాలి.
ముందూ వెనకా ఎన్ని ఖాళీలు కొట్టినా
గొడుగు గొడుగే కావాలి.

స్టీలు క్యారియరు దగ్గర మాత్రం
జహీరూ నేనూ ఒక పూటంతా పోట్లాడుకున్నాం.
బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే
‘స్టీ’లో గుడి దీర్ఘమే రాలాలా,
ఒత్తుతో సహా మొత్తం కూలాలా?
“సా, పొల్లూ, టా, దీర్ఘం, నాలుగు మెట్లెక్కి వచ్చాం,
దిగేటప్పుడు దూకమంటావా?” అన్నాడు.
నాలుగు మెట్లే రాశాను.

నలభై ఒక్క టెస్టులు. నలభై ఒక్క పచ్చ చుక్కలు.
కింద కొట్టతను షట్టరు దించాడు.

పొద్దున్నే వంతెన దాటి
బాలమణి గారి కంప్యూటర్లో పెట్టి వద్దామని వెళ్లాను.
ఆమెకి కుడి చూపుడువేలొక్కటే టైపు చేస్తుంది,
మిగతావి ఇంకా రిజిస్టరు వైపే.

అప్పుడే నల్లగొండ బస్సు దిగినాయన ఒకరు,
చెవి మిషను పోయిందని.
ఏ సీట్ల కూసున్నవంటే
కాంతయ్య అని పేరు చెప్తాడు.
ఏ రంగుదంటే ఊరి పేరు.

బాలమణి ‘చె’ కొట్టింది.
తలెత్తి ఆయన ముఖం చూసింది.

మూడు వందల మిల్లీసెకన్లకి మించి
ఓపిక లేదు నా పెట్టెకి.
చెప్పులు, చెప్పులు, ఎడమకాలి చెప్పు,
చెంబు, చెక్క దువ్వెన, మళ్లీ చెప్పులు,
రెండు వందల పదహారు వరుసలు కుమ్మరించి
కర్సరు వెళ్లి మొదటి జత మీద కూర్చుంది.
ఆమె కొట్టిన ‘వి’
ఎక్కడ పడిందో తెలియదు.
దాన్ని వెతకడానికి కౌంటరు లేదు.

“నా వేలు గింతే నడుస్తది బిడ్డా,”
తప్పు తనదైనట్టు అంది.
లేచి, అరలో మూడో డబ్బా దించి చూసింది. లేదు.
రేపు రమ్మని ఆయనకి చేతులతో చెప్పింది.

నా టెస్టుల్లో ఎవరూ తలెత్తలేదు.
కాలం కూడా నేను జరిపితేనే జరిగేది అక్కడ,
ఆ లేని వేలికి
చూడాల్సిన ముఖమేదీ లేదు.

నలభై రెండోది ఈ రాత్రి రాశాను.
చె.
రెండు వేల మిల్లీసెకన్లు.
వి.
పెట్టెలో ‘చెవి’ ఉండాలి.

ఎర్రగా వచ్చింది. రావాలి కూడా.

జహీర్ భుజం మీంచి వంగి చూశాడు.
“ఈ రెండు వేలెక్కడివి?
పేరు లేని అంకె కోడులో ఉంచొద్దన్నాను కదా.”
పేరు పెట్టాను:
ఎదుటి మనిషి వంక చూసే సేపు.

“పొడుగైంది” అన్నాడు.
మార్చమనలేదు.