అచ్చులో లేని పంక్తి

తుర్కు నగర గ్రంథాలయం నేలమాళిగలో
పదకొండు అట్టపెట్టెలు.
ఐలీ కోర్వెన్‌మా, వయొలిన్. నలభై ఒక్క ఏళ్ల కచేరీ పత్రాలు.

నా పని చిన్నది.
తుప్పు పట్టిన పిన్నులు ఊడదీయడం,
తేదీ, ఊరు, హాలు కార్డు మీదికెక్కించడం.

ఊలు, ఫిబ్రవరి: "చలికి మూడో తీగ మాట వినలేదు."
వాసా: కాఫీ మరక.
తాంపెరె: బ్రామ్స్ పేరు మీద ఎర్ర పెన్సిల్‌తో
కాగితం చిరిగేంత గీత. ఎందుకో రాయలేదు.

వెనక పేజీలో మాత్రం ప్రతిసారీ
అచ్చులో లేని ఒక పంక్తి, ఆమె చేతిరాత:
"పేజీలు తిప్పింది తూయిరె."

పియానో పక్కన పీట మీద కూచుని
చప్పట్లప్పుడు లేవకూడని మనిషి.
పంక్తి అయిపోకముందే లేచి
గాలికి తెలీకుండా కాగితం మళ్లించి
మళ్లీ ఎవరూ కానట్టు కూచునే మనిషి.

ఏడో పెట్టె చివర ఆ పంక్తి మారింది.
"తిప్పింది ఎవరో కుర్రాడు.
రెండు పేజీలు ఒక్కసారే తిప్పాడు."

ఆ తర్వాతవన్నీ పియానో లేని కచేరీలే.
ఒంటి వయొలిన్.
కాగితం ఎదురుగా అక్కర్లేని, కంఠతా వచ్చినవే.

కార్డు మీద గళ్లు ఆరు.
తూయిరె పట్టే గడి లేదు.
పై అధికారిని అడిగితే
"ఆమె వాయించిందా?" అన్నాడు.

ఐదు దాటింది. మెట్ల మీద దీపం ఆర్పేశారు.
ఏడు పెట్టెల కార్డులూ మళ్లీ బయటికి తీసి
పెన్సిల్ చెక్కుకుంటున్నాను.