పదకొండు రోజులు తక్కువ

విస్ దీవికి దక్షిణాన లంగరేసి ఉన్నాం.
పొద్దున్న ఏడింటికే బొమ్మల గది తలుపు తెరుస్తాను.
బొమ్మలంటే మీరనుకునేవి కావు.
రెండు జెట్ స్కీలు, గాలి మింగి పొట్ట ఉబ్బించే జారుడుబల్ల,
మనిషిని పట్టుకుని నీళ్ళ అడుక్కి లాక్కుపోయే చిన్న యంత్రం.
ఒక్కోటీ మా నాన్న చేపల పడవ కన్నా ఖరీదు.

చేరిన రోజు తోంకా చెప్పిన మొదటి పాఠం
ఇంజన్ గురించి కాదు, తాడు గురించి.
ఎర్రగా, చుట్టలు చుట్టుకుని, జానెడు.
ఒక కొస బండికి, ఒక కొస మణికట్టుకి.
"మనిషి పడితే యంత్రం ఆగాలి. అంతే."
లోకంలో ఇంకెక్కడైనా
మనిషి పడితే యంత్రం ఆగుతుందా
అని అడగబోయి ఊరుకున్నాను.
కడగాల్సిన లైఫ్ జాకెట్లు పద్నాలుగున్నాయి.

ఈ వారం అతిథి ఫోల్క్‌మార్ గారు.
నష్టం జరిగితే ఎవరిదో, ప్రాణం పోతే ఎవరిదో
నాలుగు పేజీల కాగితం ముందు పెట్టాను.
చదవకుండానే సంతకం చేశాడు,
పక్కనే ఆలివ్ నూనె వేలిముద్ర కూడా.

కొడుక్కి పదిహేను.
పదహారు నిండడానికి పదకొండు రోజులు తక్కువ.
లైసెన్సు ఊసే లేదు.
"పదకొండు రోజుల్లో వాడికేం తెలివొస్తుందోయ్?"
నిజమే, రాదు.
ఇరవై ఆరేళ్ళొచ్చినా నాకు రాలేదు.
నా తడి చేతిలో మడత నోటు పెట్టాడు.

తీరానికి మూడొందల మీటర్ల లోపల
జోరుగా పోకూడదని చట్టం.
నీళ్ళ మీద గీత ఎవడు గీస్తాడు?
గీత లేదు.
గీత ఉండాల్సిన చోటికి ఇవతల
ఒక నారింజరంగు బుడగ తేలుతోంది,
దాని కింద ఊపిరి బిగబట్టి
ఆక్టోపస్ కోసం రాళ్ళు తడుముతూ బార్బా షిమే.
డెబ్బై ఒకటి. ఎడమ చెవి వినపడదు.
పైకొచ్చే మనిషికి
తలే కదా ముందొచ్చేది.

"తాళంచెవి కెప్టెన్ దగ్గరుంది" అన్నాను.
అది నా జేబులోనే తొడకి గుచ్చుకుంటోంది.
నోటు తిరిగిచ్చేశాను,
తడిసి, ఇంకాస్త మెత్తబడి.
కంపెనీకి రాస్తానన్నాడు. రాసే ఉంటాడు.
శనివారం బక్షీసు పంచినప్పుడు
నా కవరు పల్చగా ఉంది.
గొప్పకి చెప్పడం లేదు, ఆ డబ్బుతో
పళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సింది.

కానీ ఆ మధ్యలో ఒక రాత్రి
పిల్లాడు వొట్టికాళ్ళతో దిగొచ్చాడు.
పేరు యోరిక్. మొహంలో ఇంకా అలక.
"ఊరికే ఎక్కి కూర్చుంటా. నడపను."
ఊయల చట్రంలో ఆరుతున్న బండి మీద కూర్చున్నాడు.
మణికట్టుకి తాడు కట్టాను.
పక్కకి ఒరిగాడు, పడబోయినట్టు.
టక్.
ఆగడానికి ఏదీ నడవడం లేదు.
అయినా చాలాసేపు
వాడు మణికట్టు వైపే చూశాడు,
మళ్ళీ కట్టమన్నాడు.